వేళ్ళ సందుల్లోంచి

భాద్రపద బహుళ తదియ

ప్రొజెక్టర్ అద్దం మీద మళ్ళీ ఉప్పు పేరుకుంది. సముద్రంలో స్తంభాలు పాతి ఊరు కట్టుకున్నవాళ్ళకి ఉప్పు తప్పదు. కానీ సినిమాలో దెయ్యం మొహాన కూడా తెల్లమచ్చలు పడితే ఎలా? పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచాను. తలుపు గడియ తుప్పు పట్టి వదులైంది, దాని సంగతి రేపు చూడాలి. దీపం మీట పనిచేస్తోందో లేదో రెండుసార్లు నొక్కి చూశాను. నా గదిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ మీటే. సినిమా నడుస్తున్నంతసేపూ అది చూసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. వాళ్ళు ఎప్పుడు నొక్కితే అప్పుడు దీపాలు వెలుగుతాయి, బొమ్మ ఆగుతుంది, పక్క కుర్చీలోంచి నేను బెల్లం ముక్క అందిస్తాను. తర్వాత అడుగుతాను, "ఎక్కడ తగిలింది?" అని. కడుపులోనా, మెడ వెనకా, అరచేతుల్లోనా? వాళ్ళు చెప్పింది వింటాను. నా వైద్యం ఇంతే.

ఈ నెలలో మీట నొక్కింది ఇద్దరే. అందులో ఒకాయన దోమ కుట్టి నొక్కాడు.

ఈ దినచర్య రాయమన్నది పంచాయితీవాళ్ళు. వైద్యం గురించి మాత్రమే రాయాలట, నా సణుగుడు రాయకూడదట. సణుగుడు తీసేస్తే నాలో మిగిలేది ఏముంది?

తర్వాత ఎవరైనా చదివితే అర్థం కావాలి కాబట్టి ఒక్క సంగతి రాస్తాను. పెద్ద ఉప్పెన తర్వాత ఊళ్ళో ఎవరికీ నిద్రలేదు. గాలి కాస్త జోరుగా వీస్తే చాలు, పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి వచ్చేసేవాళ్ళు. అప్పుడు పెద్దవాళ్ళందరికీ చెవి వెనక చర్మం కింద నిబ్బరం బిళ్ళ పెట్టారు. భయం పుట్టకముందే తుంచేస్తుంది. ఊరు హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం అది పడలేదు. చెవి వాచి, చీము పట్టి, చివరికి తీసేశారు. పదేళ్ళు నిండని పిల్లలకు ఎటూ పెట్టరు. అంచేత ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో భయపడేది పిల్లలూ, నేనూ. బల్లి మీద పడితే నేను వేసే కేక వినడానికి పక్కింటివాళ్ళు చుట్టాల్ని కూడా తీసుకొచ్చేవాళ్ళు.

కిందటేడు కార్తీకంలో తుఫాను సైరన్ మోగింది. సముద్రానికి ఎదురుగా ఉన్న కడవరస ఇళ్ళవాళ్ళు కదల్లేదు. అల ఎంత ఎత్తుందో చూస్తూ నిలబడ్డారు. అందరూ మిగల్లేదు. ఆ తర్వాతే బిళ్ళలు తీయడం మొదలుపెట్టారు. తీసినంత మాత్రాన భయం తిరిగి వచ్చేస్తుందా? కట్టు విప్పిన కాలు మర్నాడే పరిగెత్తదు కదా. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. మునిగిపోయిన టాకీసులోంచి ఈతగాళ్ళు పాత దెయ్యం సినిమాలు కొన్ని పైకి తెచ్చారు. మనసు వైద్యం చదువుకున్నదాన్ని నేనే, భయం తెలిసినదాన్నీ నేనే. ఆ పని నాకు అప్పజెప్పారు.

భాద్రపద బహుళ షష్ఠి

ఇవాళ నూకరత్నం మొదటిసారి వచ్చింది. నాచు ఎండబెట్టే పందిళ్ళ దగ్గర పని, గోళ్ళకింద ఎప్పుడూ ఆకుపచ్చే. కిందటేడు అలను చూస్తూ నిలబడ్డవాళ్ళలో ఆమె భర్త అప్పన్న ఒకడు. ఆ సంగతి ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆయన గట్టు మీద నిలబడి చూస్తన్నాడండి. నేను బట్టలు మడతెడతన్నాను. అల వచ్చిందండి. ఆయన లేడండి. మిగతా బట్టలు కూడా మడతెట్టేసి, అప్పుడు వెళ్ళేను."

నిన్న కూర ఏం వండావంటే చెప్పినట్టు చెప్పింది. కళ్ళల్లో చెమ్మ లేదు. ఆ బిళ్ళ భయంతోపాటు దుఃఖాన్ని కూడా ఎత్తుకుపోతుందని పెట్టినవాళ్ళకి తెలుసో లేదో.

"అప్పుడు మీ అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగాను.

"మా జాజి అండి? నాచు డ్రమ్ములో దూరి మూతేసుకుంది. సైరన్ మోగితే అది అంతేనండి."

"మీ దగ్గరికి రాలేదా?"

"ఎందుకొస్తదండి? వచ్చినప్పుడల్లా ఏం లేదు, పడుకోమంటాను. నిజంగా నాకేం అనిపించదు కదండీ. ఇప్పుడసలు రావడమే మానేసింది."

ఆమె వచ్చింది పంచాయితీ కట్టుబాటు వల్ల. తుఫాను నెలల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లో సైరన్ వింటే పరిగెత్తే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. లేకపోతే పిల్లల్ని కొండమీది వసతి గృహానికి పంపేస్తారు. దీపావళి మర్నాడు పడవ వస్తుంది. ఆ ఇంట్లో పెద్దది నూకరత్నం ఒక్కతే. ఆమెకు భయం వచ్చిందని నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఏడేళ్ళ జాజి ఆ పడవెక్కాలి.

"దాన్ని పంపలేనండి. దానికి జడ వెయ్యడం నాకొక్కదానికే వచ్చు" అంది నూకరత్నం. అదొక్కటే ఆమె కొంచెం తడబడుతూ అన్న మాట.

ఆశ్వయుజ శుద్ధ చవితి

సత్తిరాజుగారి పూట. ఈయన వెనకటికి లాంచీ నడిపేవాడు. ఈయనకు సినిమా చూపించడమంటే సున్నం మేస్త్రీని పెళ్ళికి పిలవడమే. పాడుబడిన బంగళాలో తలుపులు వాటంతటవే కొట్టుకుంటున్నాయి, హీరోయిన్ దీపం పట్టుకుని వణుకుతోంది. ఈయన మాత్రం, "ఆయ్, ఈ బంగళాకి వెల్ల వేయించి ఎన్నాళ్ళయిందండీ? ఆ బందులకి కాస్త నూనె రాసుంటే ఇంత గొడవ లేకపోను" అంటాడు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి గాల్లో తేలుతూ వస్తే, జుట్టు అల్లుకోకుండా వంటింట్లోకి వస్తుందేంటని విసుక్కున్నాడు.

ఇవాళ వేరే సినిమా పెట్టాను. అందులో దెయ్యం ఎవరినీ ఏమీ చెయ్యదు. రోజూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడుతుంది, అంతే. ఇంట్లోవాళ్ళు కేకలు పెట్టి పారిపోతూ ఉంటారు. సత్తిరాజుగారు ఈసారి వెల్ల గురించీ, బందుల గురించీ ఎత్తలేదు. అదే నాకు ఆశ్చర్యం. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"పాపం, అన్నం తిన్నావా అని దాన్ని ఒక్కళ్ళూ అడగలేదు చూడండి."

నేను బెల్లం ముక్క చేతిలోకి తీసుకున్నాను.

"మా ఆవిడ పోయేక నన్నూ ఎవరూ అడగలేదండి" అని మీట నొక్కేశాడు.

గొంతులో తగిలిందట. బెల్లం ముక్క నోట్లో వేసుకుని మింగలేక కాసేపు అలాగే కూర్చున్నాడు. తన గురించి ఒక్క ముక్క చెప్పలేనివాళ్ళు దెయ్యం గురించి గంటలు గంటలు చెబుతారు. నా గది సగం నడిచేది ఆ దెయ్యాల పుణ్యం వల్లే. వెళ్ళేటప్పుడు "అన్నం తిన్నారా సత్తిరాజుగారూ?" అని అడిగాను. తినలేదట. కూర్చోబెట్టి పెట్టాను. వైద్యంలో భాగం కాదనుకుంటే పంచాయితీవాళ్ళు ఈ వాక్యం కొట్టేసుకోవచ్చు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

నూకరత్నం విషయం ముందుకు సాగడంలేదు. బిళ్ళ తీసి నెల దాటింది. బావి సినిమా చూపించాను, బొమ్మ సినిమా చూపించాను. నేనే ఒంటరిగా చూడలేక పక్కన పెట్టేసిన సినిమా కూడా ఇవాళ చూపించాను. దాన్ని చూస్తున్నంతసేపూ నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆమె రెప్ప వెయ్యకుండా, బజార్లో గారడీ చూసినట్టు చూసింది. మీట ఒళ్ళో అలాగే ఉంది.

"బాగానే తీసేరండి" అంది చివర్లో, నన్ను ఓదారుస్తున్నట్టు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వకుళగారూ, సంతకం పెట్టెయ్యండి. నేను పరిగెడతాను. గుర్తెట్టుకుని పరిగెడతాను. ఎవరికి తెలుస్తదండి?"

పెట్టేద్దామనిపించింది. నిజంగా అనిపించింది. ఆమె జడ వేసే చేతులు కళ్ళముందు మెదిలాయి. కానీ గుర్తుపెట్టుకుని పరిగెత్తేవాళ్ళు ముందు బట్టలు మడతపెడతారు. అది ఆమెకు చెప్పలేక, "ఇంకా రోజులున్నాయి కదా, చూద్దాం" అన్నాను. నా మీద నాకే కోపం వచ్చి సాయంత్రం కుర్చీలన్నీ మళ్ళీ తుడిచాను.

ఆశ్వయుజ బహుళ పంచమి

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి.

పొద్దున్నుంచీ గాలిగా ఉందని బడి మూసేశారు. నూకరత్నం జాజిని వెంటబెట్టుకుని వచ్చింది. బక్కపిల్ల, రెండు జడలు, రిబ్బన్లు ఎంతో పొందిగ్గా కట్టి ఉన్నాయి. వరండాలో కూర్చోబెట్టి పలకా బలపం ఇచ్చాను. లోపలికి రాకూడదని చెప్పాను. తల ఊపింది.

మేడమెట్ల సినిమా పెట్టాను. అందులో మెట్ల కింద ఒక ఆడమనిషి ఎదురుచూస్తూ ఉంటుంది. పైనుంచి గజ్జెల చప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. మనిషి మాత్రం కనపడదు. నూకరత్నం ఎప్పట్లాగే కళ్ళు విప్పార్చి చూస్తోంది. నేను ఎప్పట్లాగే చేతులు బిగించుకుని కూర్చున్నాను.

తలుపు గడియ బాగుచెయ్యడం మర్చిపోయాను. గాలికి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో జాజి.

తెర వైపు చూసింది. మొహం పాలిపోయింది. పారిపోతుందనుకున్నాను. కానీ ఆ పిల్ల పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చి, తల్లి ఒళ్ళోకి ఎక్కి, రెండు చేతులతో తల్లి కళ్ళు గట్టిగా మూసేసింది.

"చూడకమ్మా! నువ్వు చూడకు!"

తన కళ్ళు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు. తెర వైపే చూస్తూ వణికిపోతోంది. నేను లేవబోయాను. అంతలో గదిలో దీపాలు వెలిగాయి.

మీట నొక్కింది నూకరత్నం.

గజ్జెల చప్పుడు ఆగిపోయింది. ఆమె కళ్ళ మీంచి జాజి చేతులు ఇంకా తియ్యలేదు. ఆమె గొంతు వేరే మనిషి గొంతులా ఉంది.

"దీని చేతులు వణుకుతున్నాయండి. మంచుముక్కల్లా ఉన్నాయి. ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

"ఎక్కడ తగిలింది?" అని అడిగాను.

"కడుపులో ఏదో జారిందండి. ఇది పడిపోద్దేమో అనిపించిందండి. దీన్ని ఎవరో లాక్కుపోతారేమో అని." కూతుర్ని రెండు చేతులా చుట్టేసింది. కాసేపటికి జాజి జడల్లో మొహం దాచుకుని అంది, "ఆ మిగిలిన బట్టల్లో ఆయన చొక్కా ఉందండి. దాన్ని కూడా మడతెట్టేను. ఆయన అక్కడ లేడు, నేను చొక్కా మడతెట్టేనండి."

అప్పుడు ఏడ్చింది. ఏడాది ఆలస్యంగా, గుక్కపట్టి ఏడ్చింది. జాజి తన తల్లి మొహాన్ని వింతగా చూస్తోంది. పుట్టాక ఆ పిల్ల తల్లి ఏడుపు చూడటం అదే మొదటిసారి అయ్యుంటుంది.

నేను జాజికి క్షమాపణ చెప్పాను. ఇది పిల్లలు చూసే సినిమా కాదు, తలుపు బిగించకపోవడం నా తప్పు అన్నాను. దగ్గరికి తీసుకెళ్ళి ప్రొజెక్టర్ చూపించాను, ఖాళీ తెర తడిమి చూడమన్నాను. బెల్లం ముక్క ఇచ్చి, అమ్మను అడిగినట్టే, ఎక్కడ తగిలిందని తననీ అడిగాను. మోకాళ్ళలో అంది. తర్వాత కాస్త తేరుకుని, మాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

"ఊరికే అలా చూడకూడదు. కళ్ళు మొత్తం మూసుకోకూడదు కూడా. మొత్తం మూస్తే ఇంకా భయం. ఇలాగ, వేళ్ళ సందుల్లోంచి చూడాలి."

"ఎవరు నేర్పారే?" అంది నూకరత్నం ముక్కు తుడుచుకుంటూ.

"నేనే. డ్రమ్ము మూత సందులోంచి అలాగే చూస్తా."

నూకరత్నం ఆ మాట విని కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. డ్రమ్ములో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని సముద్రాన్ని చూడటం ఇప్పుడు ఆమెకు కనపడుతోందని నాకు అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక నా కుర్చీలో నేను కూర్చుని ఆలోచించాను. ఇన్నాళ్ళూ సినిమా ఎంత భయంకరంగా ఉంటే అంత మంచిదనుకున్నాను. చిన్నప్పుడు నేను దెయ్యం సినిమా ఎలా చూశాను? అక్క మోచెయ్యి పట్టుకుని, అక్క గోళ్ళు నా చేతిలో దిగుతుంటే చూశాను. అక్క ఉలిక్కిపడితే నేను ఉలిక్కిపడ్డాను. ఇక్కడ పక్క కుర్చీలో కూర్చునే నేను మాత్రం రాయిలా కూర్చుంటాను. ఈ ఊరి నవ్వులు పడలేక, భయం పైకి కనపడకుండా బిగబట్టడం నాకు అలవాటైపోయింది. భయపడటం నేర్పాల్సినదాన్ని, నా భయాన్నే దాచుకుని కూర్చున్నాను. ఎంత తెలివో నాది!

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

కుర్చీలు దగ్గరికి జరిపాను. ఇప్పుడు నేను చెయ్యి పట్టుకుంటాను, నాకు భయమేస్తే మొహమాటం లేకుండా కేక వేస్తాను. నిన్న నా కేకకు సత్తిరాజుగారు కుర్చీలోంచి కింద పడ్డాడు. లేచి, "సినిమా కంటే మీరే బాగున్నారండీ" అన్నాడు గానీ, మీట మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

నూకరత్నం రోజూ వస్తోంది. జాజిని పక్కింట్లో వదిలి వస్తోంది. వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. రెండుసార్లు మీట నొక్కింది. రాత్రిపూట జాజి ఇప్పుడు తల్లి పక్కలోకి వస్తోందట. "ఏం లేదు పడుకో అనడంలేదండి. ఏది, ఎక్కడ, అని అడుగుతున్నాను" అంది.

ఇవాళ సైరన్ పరీక్ష పెట్టారు. అందరూ చూస్తుండగా మోగించారు. నూకరత్నం పందిళ్ళ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చింది. నడక కొంచెం జోరు పెరిగింది, అంతే. ఉత్తుత్తి సైరన్ అని ముందే తెలుసు కాబట్టి భయం రాలేదా, అసలుదైనా రాదా? నాకు తెలియదు. నేను సంతకం పెట్టలేదు. ఆమె నన్నేమీ అనలేదు. ఇంటికెళ్ళి జాజి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. పడవ రావడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

ఒడ్డు మీది తుఫాను షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. దినచర్య పుస్తకం చీర కుచ్చిళ్ళలో దోపుకుని వచ్చాను, అక్కడక్కడ తడిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ సైరన్ మోగింది. ఇది అసలుదే. ఎప్పట్లాగే ముందు పరిగెత్తినదాన్ని నేనే. ఒడ్డుకి పోయే వంతెన మొదట్లోకి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. జనం గుమ్మాల్లోకి వచ్చి ఆకాశం వైపు చూస్తున్నారు. బిళ్ళ ఎప్పుడో తీసినవాళ్ళు, మొన్నే తీసినవాళ్ళు, అందరూ ఒకేలా నిలబడ్డారు. నిరుటి సంగతి గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను.

అప్పుడు వినపడింది. "జాజీ!"

పందిళ్ళ దగ్గర్నుంచి నూకరత్నం పరిగెత్తుతోంది. చేతిలో నాచుబుట్ట విసిరేసింది. కొంగు జారిపోయింది, పట్టించుకోలేదు. కడవరస వైపు, అలకు ఎదురుగా, గొంతు చించుకుని అరుస్తూ పరిగెత్తుతోంది. ఈ ఊళ్ళో నేను కాక పెద్దవాళ్ళెవరైనా అలా పరిగెత్తడం ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. దారిలో ఉన్నవాళ్ళందరూ ఆమె మొహం చూశారు.

ముందు కదిలింది సత్తిరాజుగారు. "ఓరి బాబోయ్!" అని పంచె ఎగ్గట్టి, ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగందుకున్నాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. ఒకళ్ళ మొహంలోంచి ఒకళ్ళ మొహంలోకి అది అంటుకోవడం నేను నా కళ్ళతో చూశాను. నన్ను చూసి నవ్విన జనం నా పక్కనుంచి, నా కంటే జోరుగా వంతెన మీదికి పరిగెత్తారు. నేను కదల్లేదు. కడవరస వైపే చూస్తూ, పైకి వినపడేలా ఏడుస్తూ నిలబడ్డాను.

నూకరత్నం ఇంటి ముందున్న డ్రమ్ము మూత పీకి అవతల పారేసింది. రెండు చేతులు లోపలికి పెట్టి పిల్లను పైకి లాగి, భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. వాళ్ళు వంతెన ఎక్కేసరికి నీళ్ళు పలకల సందుల్లోంచి పైకి తంతున్నాయి. నేను చెయ్యి చాపాను. ముగ్గురం కలిసి వంతెన దాటి ఒడ్డు మీద పడ్డాం. వెనక్కి చూస్తే కడవరస లేదు. డ్రమ్ము లేదు.

షెడ్డులో అందరం ఉన్నాం. పేరుపేరునా పిలిచి చూశారు, అందరూ పలికారు. సత్తిరాజుగారు ఒంటికాలి చెప్పుతో తిరుగుతూ కనపడినవాళ్ళందరినీ అన్నం తిన్నారా అని అడుగుతున్నాడు. రేకుల కప్పు మీద గాలి మోత. ఎవరూ నిబ్బరంగా లేరు. ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. చెప్పకూడదు గానీ, ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నాకు ఒంటరితనం లేనిది ఈ పూటే.

నూకరత్నం గోడవార కూర్చుని గజగజ వణుకుతోంది. జాజి తల్లి ఒళ్ళోంచి దిగి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి ఇచ్చాను.

దాన్ని తీసుకెళ్ళి తల్లి నోట్లో పెట్టింది. ఎదురుగా గొంతుక్కూర్చుని, అచ్చం నాలాగే అడిగింది.

"ఎక్కడ తగిలిందమ్మా?"

నూకరత్నం కూతురి చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది.

"నాకూ అక్కడే" అంది జాజి.